లాబాను ఇంటిలో ఇరువది యేండ్లు

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 31:36–42, 1 పేతురు 2:18–23



దినమంతయు పనిచేసి సాయంకాలమున ఇల్లు చేరిన మనుష్యుడు కాళ్లు కడుగుకొని, భోజనమునకు కూర్చుండక, గోడకు చేరగిలబడి మౌనముగా నుండినయెడల ఇంటివారికి ఏదో జరిగినదని తెలియును. "ఏమైనది?" అని భార్య అడుగును. ఒకడు "దూరపు ఊరికి బదిలీ చేసినారు" అనును. ఒకడు "వచ్చే నెలనుండి రావద్దన్నారు" అనును. ఒకడు "నాకు రావలసిన స్థానము మరియొకనికిచ్చినారు" అనును. పాలేరుగా నున్నవాడు "ఈ యేడాది నన్ను పెట్టుకోరట" అనును. మాటలు వేరు. గాని ఆ రాత్రి ఆ యిండ్లన్నిటిలోను అన్నము ఒకే విధముగా చల్లారిపోవును.

ఇట్టి రాత్రి విశ్వాసి ఏమి చేయవలెను? "అంతా దేవుని చిత్తము" అని ఒక్కమాట చెప్పి ఊరకుండుట చాలునా? లేక పైవానిని శపించి మనస్సు తేలిక చేసికొనవలెనా? ఈ నెల మనము ఈ సంగతిని ధ్యానించుదము.

మన వరంగల్లు ప్రాంతమువారికి ఇది వినికిడి మాట కాదు. 1934లో, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, ఆయన పెద్ద కుమారుని పేరట వరంగల్లులో ఆజంజాహి మిల్లు స్థాపింపబడెను. మన రేగడి భూములలో పండిన ప్రత్తి అక్కడ నూలాయెను, ఆ నూలు బట్టయాయెను. పల్లెలనుండి వేలాది కుటుంబములు ఆ మిల్లును నమ్ముకొని పట్టణము చేరెను. తండ్రి తరువాత కుమారుడు అక్కడనే పని నేర్చుకొనెను. 1974లో ఆ మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చెను. యంత్రములు పాతబడెను, మరమగ్గముల బట్టతో పోటీ హెచ్చెను, నష్టములు పెరిగెను. తుదకు 2002లో మిల్లు మూతపడెను. పనివారు స్వచ్ఛంద పదవీ విరమణ పేరట తమ లెక్క తీసికొని బయటికి వచ్చిరి. పేరు స్వచ్ఛందమే. గాని మూయబడు మిల్లులో ఉండగోరినవాడు ఎక్కడ ఉండగలడు?

మంగపేట దాపున కమలాపురములో వెదురు, జామాయిలు కఱ్ఱనుండి గుజ్జు తీయు కర్మాగారము 2014లో ఉత్పత్తి నిలిపివేసినప్పుడును ఇదే దుఃఖము ఆ యూళ్లలో కనబడెను. మగ్గము సాగక సూరతుకు, భివండికి వలస పోయిన నేత కుటుంబములు మనలో ఎవరికి తెలియవు? 2017లో గీసుకొండ, సంగెము మండలములలో గొప్ప జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. ప్రత్తి పండు నేలకు బట్టపని తిరిగి వచ్చుట సంతోషమే. అయినను 2002లో ఏబది యేండ్ల వయస్సున బయటికి వచ్చినవానికి అది పంట ఎండిన తరువాత కురిసిన వాన.

ఇట్టివాని యింటికి వెళ్లి "దిగులుపడకు, అంతయు మేలుకే" అని చెప్పి, అతడిచ్చిన నీళ్లు త్రాగి లేచి వచ్చుట సులభము. గాని పరిశుద్ధ గ్రంథము అంత సులభముగా మాటలాడదు. అది మనలను యాకోబు నొద్దకు తీసికొనిపోవుచున్నది.

యాకోబు తన మేనమామయైన లాబాను నొద్ద ఇరువది యేండ్లు పనిచేసెను. పదునాలుగేండ్లు ఇద్దరు కుమార్తెల నిమిత్తము, ఆరేండ్లు మంద నిమిత్తము. రాహేలు కొరకు ఏడేండ్లు కష్టపడగా, చీకటిలో లేయాను తెచ్చి అప్పగించిరి. జీతము పదిమారులు మార్చిరి. ఒకమారు పొడలుగలవి నీవనిరి, మరియొకమారు చారలుగలవి నీవనిరి. మృగములు చీల్చిన గొఱ్ఱె నష్టము అతని మీదనే పడెను. పగలు ఎండకును రాత్రి మంచునకును ఓర్చుకొని, నిద్ర లేక కాచెను. అడుగుటకు అతనికి సంఘము లేదు, చట్టము లేదు, స్వంత ఊరు దగ్గర లేదు. యజమానుడే మామ, మామయే యజమానుడు. అట్టివాడు ఏమి చేసెను? మూడు సంగతులు గమనించుడి.

మొదటిది, యాకోబు సత్యమును మ్రింగివేయలేదు.

లాబాను ఏడు దినముల ప్రయాణము వెంబడించి అతనిని కలిసికొన్నప్పుడు, యాకోబు ఎదుట నిలిచి ఇరువది యేండ్ల లెక్కయంతయు చెప్పెను. నేను ఇది చేసితిని, నీవు ఇది చేసితివి అని చెప్పెను. ఆ మాటలు మీ యింట బిగ్గరగా చదువుడి. వాటిలో దూషణ లేదు, దాచుటయు లేదు. కొందరు క్రైస్తవులు అణగియుండుట అనగా అన్యాయమును న్యాయమని పిలుచుట అనుకొందురు. అది పొరపాటు. మన ప్రభువు సాత్వికుడు. అయినను ప్రధానయాజకుని యెదుట బంట్రౌతు తన్ను కొట్టినప్పుడు, నేను చెడ్డ మాట పలికినయెడల చూపుము, లేనియెడల ఎందుకు కొట్టితివని ఆయన అడిగెను (యోహాను 18:23). పౌలును ఫిలిప్పీలో అన్యాయముగా కొట్టి చెరలో వేసి, తరువాత చాటుగా పంపివేయ జూచినప్పుడు, న్యాయాధిపతులే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెనని అతడు పట్టుపట్టెను (అపొ. కార్యములు 16:37). కోతవాని కూలి బిగబట్టినయెడల ఆ కూలియే దేవునికి మొఱపెట్టునని యాకోబు పత్రిక చెప్పుచున్నది (5:4).

కాబట్టి నీకు రావలసిన బాకీ అడుగుట అవిశ్వాసము కాదు. మనవి వ్రాసికొనుట, సంఘమువారితో కలిసి వెళ్లుట, న్యాయస్థానము మెట్లెక్కుట, ఇవి పాపములు కావు. అబద్ధము ఆడకుము, చేయి ఎత్తకుము, దూషింపకుము. ఈ మూడు విడిచి, మిగిలినదంతయు ధైర్యముగా చెప్పుము. దేవుని చిత్తమును అంగీకరించువాడు మనుష్యుని తప్పునకు మెరుగు పెట్టనక్కరలేదు.

మరియొక మాట. ప్రతి కఠిన నిర్ణయము అన్యాయమని కూడ అనుకొనవద్దు. కొన్ని తీర్పులు మనకు బాధ కలిగించును గాని అవి న్యాయమైనవే. మన ఆలస్యము, మన అశ్రద్ధ వాటికి కారణమైయుండవచ్చును. గ్రుడ్డివాడైన తండ్రిని అన్న వస్త్రములతో మోసపుచ్చిన యాకోబు, చీకటిలో తానే మోసపోయెను. ఆ తెల్లవారుజామున అతనికి తన తండ్రి ముఖము జ్ఞాపకము వచ్చియుండదా? పైవానిని ప్రశ్నించుటకు ముందు ఒకమారు తన్ను తాను ప్రశ్నించుకొనువాడు ధన్యుడు.

రెండవది, యాకోబు చేతిపనిని చెడనియ్యలేదు.

జీతము మారినను అతని కాపరితనము మారలేదు. గొఱ్ఱెలు లాబానువి. గాని వాటిని కాచు చేతులు యాకోబువి, ఆ చేతులకు లెక్క దేవునికి అప్పగింపవలెనని అతనికి తెలియును. ప్రియులారా, శోధన ఇక్కడనే పొంచియున్నది. నిర్ణయము విన్న దినమున మనము ఏడ్చుదుము. అది తప్పు కాదు. గాని మరునాటి ఉదయమున మన చేయి ఏమి చేయునో అక్కడ మన విశ్వాసము తేలును. ఈ సంగతి నేను గ్రంథములలో చదివి నేర్చుకొనలేదు. సిగ్గుతో నేర్చుకొంటిని గనుక మీకు చెప్పుచున్నాను.

నా యౌవనమున ఒక అడ్తి దుకాణములో గుమాస్తాగా పనిచేసితిని. పదకొండేండ్లు ఆ లెక్కలు వ్రాసితిని. పెద్ద గుమాస్తా వృద్ధుడై మానుకొన్నప్పుడు ఆ స్థానము నాకేయని అందరును అనిరి. ఒక శనివారము సాయంకాలము యజమాని నన్ను పిలిచి, రెండేండ్ల క్రితము వచ్చిన తన బంధువును ఆ స్థానములో ఉంచితినని చెప్పెను. "సరేనండి" అంటిని. ఇంటికి వచ్చి "ప్రభువు చిత్తము" అంటిని. ఆదివారము సంఘములో పాట కూడ పాడితిని. అందరును నా ఓర్పును మెచ్చుకొనిరి.

ఒక దినమున ఆ క్రొత్త పెద్ద గుమాస్తా ఒక మిరపకాయల రైతునకు తక్‌పట్టీ వ్రాయుచు, పదునాలుగు బస్తాలకు పండ్రెండని వ్రాసెను. నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. ఒక్కమాట చెప్పిన సరిపోవును. చెప్పలేదు. నెలాఖరున లెక్క తేలును, వాడు యజమాని యెదుట నవ్వులపాలగును అనుకొంటిని. నా నోట "ప్రభువు చిత్తము" ఉండెను, నా కడుపులో పాము ఉండెను.

మూడు వారములకు ఆ రైతు మరల సరుకు తెచ్చెను. నా యొద్దకు వచ్చి మెల్లగా, "అయ్యా, పోయినసారి ఇంటికాడ పద్నాలుగు బస్తాలు ఎత్తిననుకున్న. ఈడ పన్నెండే అన్నరు. నా లెక్కే తప్పింది కావచ్చు. కూలోళ్లకు ఇచ్చెటందుకు మిత్తికి తెచ్చిన. ఈసారన్న సరిగ జూడుండ్రి" అనెను. తప్పు తనదేయని అతడు నమ్మియుండెను.

ఆ మాట నా గుండెలో ముల్లువలె దిగెను. యజమాని నాకు అన్యాయము చేసెనని నేను మూడు నెలలు కుమిలితిని. నేనో, నాకు ఏ కీడును చేయని ఒక బీద రైతును అప్పులో దించితిని. ఆ ఆదివారము ప్రభు బల్లయొద్దకు వెళ్లలేక వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండితిని. అర్పణ తెచ్చినవాడు ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు చెప్పిన సంగతి (మత్తయి 5:23–24) ఆ ఉదయమంతయు నన్ను విడువలేదు.

సోమవారము యజమానికిని పెద్ద గుమాస్తాకును ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. రెండు బస్తాల సొమ్ము రైతునకు చేరెను. మిత్తి నేను చెల్లించితిని. యజమాని చాలసేపు నా ముఖము చూచి ఏమియు అనలేదు. ఆ పెద్ద గుమాస్తా మాత్రము సాయంకాలము అందరు వెళ్లిన తరువాత వచ్చి, "అన్నా, నాకు ఈ లెక్కలు సరిగ రావు. భయముతో వ్రాయుచున్నాను. నేర్పుతావా?" అనెను. నేర్పితిని. ఆ స్థానము నాకు ఎన్నడును రాలేదు. ఆ నిర్ణయము న్యాయమైనదని నేటికిని అనను. గాని ఆ సోమవారము మొదలు రాత్రి నిద్ర వచ్చెను.

సహోదరులారా, నోటితో ఒప్పుకొనుట ఒప్పుకొనుట కాదు. మనకు జరిగిన అన్యాయము మన చేతిగుండ మరియొకనికి ప్రవహించినయెడల అది రెండింతలగును. అధికారి మీది కోపము రోగి మీద చూపు నర్సును, పైవారి మీది అలుక పిల్లల చదువు మీద చూపు ఉపాధ్యాయుడును, ఆసామి మీది కసి ఎద్దుల మీద తీర్చుకొను పాలేరును నాలోని ఆ పామునే పెంచుచున్నారు.

మూడవది, యాకోబు పగను మూటగట్టుకొని పోలేదు.

యాకోబు చెప్పకుండ రాత్రికి రాత్రి పారిపోయినట్లు పారిపోయెను. అది భయము. దానిని గ్రంథము దాచలేదు. కాని గిలాదు కొండమీద సంగతి వేరొక విధముగా ముగిసెను. ఇద్దరును రాళ్లు కుప్పగా వేసి, ఆ కుప్పయొద్ద కలిసి భోజనము చేసి, నేను దీనిని దాటి నీ యొద్దకు కీడునకు రాను, నీవును రావద్దని ఒడంబడిక చేసికొనిరి. ఉదయమున లాబాను మనుమలను, కుమార్తెలను ముద్దుపెట్టుకొని, దీవించి వెళ్లిపోయెను. అంతట యాకోబు తన త్రోవను సాగిపోగా దేవదూతలు అతనిని ఎదుర్కొనిరి (32:1). కుప్ప వెనుకనుండెను, దూతలు ముందునుండిరి.

ఇది ఎట్లు సాధ్యమాయెను? యాకోబు మాటలలోనే దాని మర్మమున్నది. దేవుడు తన బాధను, తన చేతుల శ్రమను చూచెననియు, గడచిన రాత్రి ఆయనయే తీర్పు చెప్పెననియు యాకోబు నమ్మెను. నిజమే. లాబాను చేరుటకు ముందు రాత్రి దేవుడు కలలో అతనిని హెచ్చరించియుండెను. యాకోబు మాటలాడకమునుపే న్యాయాధిపతి మాటలాడియుండెను. నిర్ణయము యజమానునిది, తీర్పు దేవునిది. ఈ రెంటిని కలిపివేయువాడు యజమానుని నిర్ణయమే తన బ్రదుకునకు ముగింపనుకొని కూలిపోవును. ఈ రెంటిని వేరుచేసి చూచువాడు కన్నీళ్లు తుడుచుకొని లేచును. మన ప్రభువును తన్ను నిందించినవారికి మారునింద చేయక, న్యాయముగా తీర్పు తీర్చు తండ్రికి తన్ను అప్పగించుకొనెనని పేతురు వ్రాయుచున్నాడు. గెత్సేమనే తోటలో ఆయన మొదట తన కోరికను చెప్పెను, ముమ్మారు ప్రార్థించెను, ఆ తరువాతనే లేచి వెళ్లెను. ముమ్మారు అడుగుటకు మనకును సెలవున్నది.

ఇంతవరకు నిర్ణయమును భరించువారితో మాటలాడితిని. ఇప్పుడు నిర్ణయము చేయువారితో ఒక మాట. "మేము పల్లెటూరివారము, మా చేతిలో ఏమి అధికారమున్నది?" అనవద్దు. ప్రత్తి ఏరుటకు నలుగురిని పిలిచిన దినమున నీవే యజమానుడవు. మేస్త్రీవై పదిమందిని పనికి తీసికొనిపోయినయెడల నీవే లాబానువు. సంఘ కమిటీలో కూర్చుండి సువార్తికుని జీతమును, కావలివాని పనిని నిర్ణయించునప్పుడు నీ మాటవలన ఒక యింట అన్నము చల్లారవచ్చును. ప్రొద్దు క్రుంకకముందే కూలి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 24:15). ఒకనిని మాన్పింపవలసి వచ్చినయెడల చాటుగా కాదు, ముఖాముఖిగా చెప్పుము. కారణము చెప్పుము. లెక్క పూర్తిగా తీర్చుము. లాబాను కలలోనికి వచ్చిన దేవుడు నీ కలలోనికిని రాగలడు.

తుదకు సంఘమునకు. మన మధ్య ఒకని పని పోయినప్పుడు రెండు తప్పులు చేయుదుము. ఒకటి, అతని పాపమేమైయుండునని గుసగుసలాడుట. యోబు స్నేహితులు చేసినది అదియే. రెండవది, ఏమి చెప్పవలెనో తెలియక అతని గుమ్మము తప్పించుకొని తిరుగుట. ఈ నెల అట్టి యింటికి వెళ్లుడి. ఉపదేశము చేయకుడి, ముందు వినుడి. రెండు మానికల బియ్యము తీసికొనిపోయినను, పిల్లవాని పరీక్ష రుసుము కట్టినను, మనవి కాగితము వ్రాసిపెట్టినను, అది ప్రభువునకు చేసిన సేవయే. ఇంట మౌనముగా గోడకు చేరగిలబడినవాని ప్రక్కన ఒకడు వచ్చి కూర్చుండినయెడల, దేవుడు చూచుచున్నాడను మాట అతనికి నమ్మదగినదగును.

ప్రార్థన చేయుదము.

మా పరలోకపు తండ్రీ, మా చేతుల కష్టమును నీవు చూచుచున్నావు. పని పోయిన ఇండ్లను, బదిలీవలన విడిపోయిన కుటుంబములను, రావలసినది రాక అలసిన వృద్ధులను జ్ఞాపకము చేసికొనుము. సత్యము పలుకుటకు మాకు ధైర్యమిమ్ము. మా కోపము నిరపరాధి మీద పడకుండ మా చేతులను కాపాడుము. నిర్ణయము చేయువారికి నీ భయము దయచేయుము. పగను రాళ్ల కుప్పయొద్ద విడిచి, నీవు చూపు త్రోవను సాగిపోవుటకు మమ్మును లేవనెత్తుము. మాకొరకు అన్యాయపు తీర్పును భరించిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.